మిర్చి టిక్కీలో గుడారం

పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, నేనూ మా ఆవిడ రజియా ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచ్‌లో ఒక రాత్రి గుడారంలో పడుకున్నాం. ఉదయం ఏడింటికి తిరుగు ఆటో ఎక్కేసరికి గుడారం మంచుకు తడిసి, ఉప్పు ఇసుకతో బరువెక్కి ఉంది. నిరుడు ఇలాగే తడి ఆరకుండా చుట్టి అటక మీద పడేస్తే, మొదటి గుడారం కాస్తా బూజు పట్టి ఇల్లంతా కంపు కొట్టింది. ఇదీ అలాగే అయితే మూడోది కొనేది లేదని, ఈ తిరుగుళ్లు అంతటితో సరని రజియా ముందే తేల్చి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి.

గుంటూరులో మాది రెండు గదుల వాటా. చీర ఆరేయడానికే పక్కింటివాళ్లతో పేచీ. అందుకని ఒంగోలులో ఇడ్లీ తిని ఎనిమిదిన్నర బస్సు పట్టుకుని, గుంటూరులో దిగినా ఇంటికి పోకుండా సత్తెనపల్లి బస్సెక్కాం. అక్కడికి దగ్గర్లోనే రజియా తమ్ముడు మస్తాన్ చేను. ఒంటిగంటకు చేరేసరికి కళ్లమంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

బోరు నీళ్లతో ఉప్పూ ఇసుకా పోయేదాకా కడిగాం. సబ్బు పెట్టలేదు, బ్రష్‌తో రుద్దలేదు, మెత్తటి గుడ్డతో తుడిచామంతే. ఎండకు గుడ్డ పాడవుతుందని రేకుల షెడ్డు కింద తాడు కట్టి ఆరేశాం. గోంగూర పచ్చడి, మజ్జిగతో భోజనం. కుట్ల దగ్గర తడి ఉందేమోనని నేను మాటిమాటికీ తడిమి చూస్తుంటే, పిల్లల పక్కబట్టలు ఏనాడైనా ఇలా చూశారా అని రజియా దెప్పింది.

సాయంత్రానికి ఆరింది. బిగించి దాని సంచిలోకి తోస్తుంటే మస్తాన్ ఆపాడు.

"అట్టా కుక్కమాకు బావా, గాలాడదు. దీన్లో వదులుగా ఎయ్యి."

అతను తెచ్చింది మిర్చి టిక్కీ, మిరపకాయలు నింపి మార్కెట్‌కి పంపే గోనెసంచి. సంబరంగా అందులో వేసేశాను.

ఐదున్నర బస్సులో టిక్కీ ఒళ్లో పెట్టుకున్నాను. ఊరు దాటకముందే నాకు తుమ్ము. తర్వాత ముందు సీటుకు, ఆ తర్వాత కండక్టరుకు. పక్కనున్న పెద్దాయన కళ్లు తుడుచుకుంటూనే మెచ్చుకున్నాడు.

"మంచి ఘాటుందండీ. ఏం కాయ?"

కాయ కాదు, గుడారమని చెప్పాను. రకం చెప్పడం ఇష్టం లేదనుకున్నాడేమో, ముఖం తిప్పుకున్నాడు.

ఇంత చేసీ వాసన తప్పలేదు. రజియా వైపు చూడాలంటే భయమేసింది. ఆమె టిక్కీ మూతి విప్పి, లోపల ముక్కు పెట్టి చూసి, గట్టిగా తుమ్మింది.

"బూజు వాసన లేదుగా," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మిరపకాయ వాసన మనింట్లో ఎప్పుడు లేదు కనక? అటక మీద వద్దు, మన మంచం కింద పెడదాం. ఈసారి పిల్లల్ని కూడా తీసుకెళ్దామండీ."

ఏ ప్రయాణం నుంచీ ఇంత హాయిగా ఇంటికి రాలేదు. గుంటూరు వచ్చేదాకా ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం.