గునుగు మీద బోర్లించిన కుండలు

పల్లేరు కాయ శనగ గింజంత ఉంటుంది. ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు మాత్రం పైకే చూస్తుంది. ఆ ముల్లు మా మనవరాలి పాదంలో దిగింది.

మా బిడ్డ అత్తాపూర్‌లో ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే పిల్లను చంకనేసుకుని మా ఇంటికి వస్తుంది. పిల్లకు అప్పుడప్పుడే నడక వస్తోంది. మా ఆయన దాన్ని ఇంటి ముందు లాన్‌లో నిలబెట్టి, కాస్త ఎడంగా కూర్చుని, "దా బిడ్డా, తాత దగ్గరికి దా" అని చేతులు చాచాడు. పిల్ల ఊగుతూ ఊగుతూ వచ్చి, ఇంకొక్క అడుగు ఉందనగా కూలబడి గుక్క పట్టింది. ముల్లు తీశాము, పసుపు అద్దాము. అయినా మళ్ళీ గడ్డి మీద దించబోతే రెండు కాళ్ళూ పైకి ముడుచుకుంది.

అప్పుడు మా ఆయన మొహం చూడాలి. ఆ లాన్ వేసిందే ఆ పిల్ల నడక కోసం.

మాది శంషాబాద్ పక్క ఊరు. ఒకప్పుడు జొన్న, కంది వేసిన భూమి చాలా వరకు ప్లాట్లయిపోయింది. మిగిలిన ముక్కలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన ఎయిర్‌పోర్టుకు కారు తోలుతాడు. కిరాయి దొరికే దాకా అక్కడే కూర్చోవాలి కదా, అలా కూర్చున్నప్పుడల్లా ఆ రోడ్ల పక్కన దువ్వినట్టున్న పచ్చగడ్డిని చూసి చూసి మనసు పారేసుకున్నాడు. మనవరాలు మెత్తగా నడుస్తుందని ఒకరోజు నర్సరీ నుంచి గడ్డిని చాపల్లాగా చుట్టి, ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. మా అత్తమ్మ ఒక చాప అంచు పట్టుకుని, వేళ్ళు గిల్లి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఏందిరా, ఇది గరిక కాదా?"

"గరికనే అమ్మా. దీన్ని లాన్ అంటరు."

"మీ నాయిన చేన్ల గరిక పీకి పీకి నడుం పోగొట్టుకున్నడు. నువ్వు పైసలిచ్చి గరిక కొనుక్కొచ్చినవా? బర్రె లేని ఇంట్ల గడ్డి ఎందుకురా?"

మా ఆయన జవాబు చెప్పబోయేసరికి విమానం వచ్చింది. మా ఇంటి మీదుగా విమానం పోతుంటే ఎవరి మాట వాళ్ళు నోట్లోనే పట్టుకుని ఆగాలి. అది పోయేసరికి ఆయనకు జవాబు చెప్పాలనే పట్టుదల కూడా పోయింది. గడ్డి మాత్రం పరిచేశాడు.

గడ్డి బాగానే అంటుకుంది. కాని కింద ఉన్నది చేను మట్టి. ఎన్నేళ్ళ విత్తనం ఎక్కడ దాక్కుని ఉందో, తొలకరి పడగానే గడ్డిని చీల్చుకుని అన్నీ లేచాయి. పల్లేరు నేలను పట్టుకుని పాకింది, గడ్డిచామంతి పసుపు బొట్లు పెట్టింది. వాటి మధ్యలోనే బతుకమ్మకు పేర్చే గునుగు మొలిచింది.

గునుగును చూసిన రోజు అత్తమ్మ పొద్దున చాయ్ కూడా మరిచిపోయింది. ఊళ్ళో తంగేడు, గునుగు దొరికే చోట్లన్నీ ఇళ్ళయిపోయాయి. భూమి అమ్మేటప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఇంటికి సరిపడా ముక్క ఉంచమని. ఎందుకంటే, "నేను ఈ ఇంట్ల కాలు పెట్టిన కాడికెల్లి మన భూమి గునుగు లేకుంట బతుకమ్మను పేర్చలే. నా కాళ్ళు ఆడినన్ని రోజులు అది లేకుంట పేర్చ" అన్నది. నిరుడు ఇల్లు కడుతున్నప్పుడు కూడా ఇసుక కుప్ప వెనకాల మొలిచిన నాలుగు కంకులు తెంపి ముచ్చట తీర్చుకుంది. ఇప్పుడు వాకిట్లోనే మొలిస్తే ఆగుతుందా? మా ఆయన గడ్డి కోసే మిషన్ తీస్తే చాలు, కర్ర పట్టుకుని ముందు నడిచేది. "ఆడ కాదు, ఇటు తిప్పు. నీ మిషన్ పాడుగాను, జర సూసి తోలు!" ఆయన గునుగు చుట్టూ తిప్పి తిప్పి తోలేవాడు. మా లాన్ క్షౌరం మధ్యలో లేచిపోయిన మనిషి తలలాగా ఉండేది.

ఇగో, అప్పుడే పిల్లకు పల్లేరు గుచ్చుకుంది.

మేమందరం కూర్చుని పీకాం. పల్లేరు పీకితే తీగ చేతికి వస్తుంది, కాయలు నేల మీదే ఉంటాయి. వారం తిరిగేసరికి మళ్ళీ అదే పచ్చదనం. మా పక్కింటి వాళ్ళు భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ లాన్ తివాచీలాగా ఉంటుంది. ఆ ఇంటావిడ గోడ మీది నుంచి చూసి నవ్వింది.

"ఎన్నాళ్ళు పీకుతారు వదినగారూ? మావారు వెడల్పాకు కలుపు మందు కొట్టించారండి. గడ్డిని ఏమీ చేయదు, మిగతావన్నీ వారం పది రోజుల్లో ఎండిపోతాయి."

మా ఆయనకు ఆ మందు కొత్త కాదు. జొన్నలో కొట్టినవాడే. సన్నాకు జాతిని వదిలి వెడల్పాకు వాటిని పట్టే మందు. ఇంటి లాన్‌కు కూడా అలాంటిది ఉంటుందని మాత్రం తట్టలేదు. శంషాబాద్ బజారుకు పోయి, విత్తనాలు, మందులు అమ్మే దుకాణంలో మాది గరిక లాన్ అని చెప్పి సీసా తెచ్చాడు. రాత్రి అన్నం దగ్గర చెప్పాడు. గాలి లేని పొద్దున కొట్టాలి. ఆ రోజు వాన పడకూడదు. మందు ఆరేదాకా ఎవరూ తొక్కకూడదు. పిల్లను ఈ ఆదివారం రానియ్యకూడదు. చెప్పిన మోతాదు కన్నా ఒక్క చుక్క ఎక్కువ కలిపినా గరికే మాడుతుంది.

అత్తమ్మ అన్నీ విని, చెయ్యి కడుక్కుని, నెమ్మదిగా అడిగింది.

"పల్లేరు ఆకు వెడల్పు. మరి గునుగు ఆకో?"

మా ఆయన కంచంలోకి చూశాడు.

"అదీ వెడల్పేనమ్మా."

"అంటే గునుగు గూడ పోతది."

"గునుగు బజార్ల దొరుకుతది. ఆరాంఘర్ కాడ పండుగ ముంగట కట్టలు కట్టలు అమ్ముతరు. నీకు ఎన్ని కావాల్నంటే అన్ని తెస్త."

"నేను కట్టల సంగతి అడుగుతున్ననారా?"

ఒక వైపు పసిపిల్ల పాదం, ఒక వైపు ముసలామె మాట. ఆ మందుకు ఏది ముల్లో ఏది పువ్వో తెలియదు. ఆకు వెడల్పు ఒక్కటే దానికి తెలుసు. మధ్యలో నేను ఏమనను? "మొక్కలు తీసి వేరే దగ్గర పెడదాం అత్తమ్మా" అన్నాను. "తీసి పెడితే బతుకుతయో సస్తయో ఎవలకెరుక? దాన్ని ముట్టుకోవద్దు" అన్నది. పొద్దున ఆమె లేచి వచ్చిన తీరు చూస్తే ఏదో ఒకటి తేల్చుకుందని తెలిసింది.

"మందు కొట్టరా. పిల్ల కాళ్ళ కన్న నాకు పువ్వు ఎక్కువ కాదు. గని, కొట్టే ముంగట నా గునుగు మీద కుండలు బోర్లిస్త. కుండ కింది పల్లేరు నేనే నా చేతితోని పీకుత."

ఆషాఢం అప్పుడే పోయింది. బోనాల కుండలు ఇంకా సున్నం, పసుపు చారలతోనే ఉన్నాయి. ఈ ఏటిది, నిరుటిది, అంతకు ముందుది, వాటి మీద పెట్టిన గురుగులూ అన్నీ సజ్జ మీద నుంచి దించింది. నాకు మనసొప్పలేదు.

"అమ్మవారి కుండలు అత్తమ్మా, కలుపు మీద పెడ్తమా?"

"అమ్మవారి కుండ అమ్మవారి పువ్వును కాపాడదా? ఏం మాట్లాడుతవ్!"

కుండలు చాలలేదు. స్టీలు బేసిన్లు, ప్లాస్టిక్ టబ్బు, ఉల్లిగడ్డల గంప, ఆఖరికి నేను ఇడ్లీ వేసే గిన్నె కూడా పోయింది. గునుగు అప్పటికి జానెడే కాబట్టి అన్నీ పట్టాయి. పక్కింటావిడ గోడ దగ్గర గోంగూర వేసుకుంది. మా హడావిడి చూసి పాత దుప్పట్లు తెచ్చి దాని మీద కప్పుకుంది. "మామ్మగారూ, రెండు బకెట్లు ఇవ్వమంటారా?" అని అడిగి మరీ ఇచ్చింది. మా ఆయన వీపుకు పంపు కట్టుకుని, మూతికి గుడ్డ చుట్టుకుని వచ్చేసరికి లాన్ మొత్తం బోర్లించిన సామానుతో పెళ్ళి వంటలు అయిపోయిన పెరడులాగా ఉంది.

"ఇది లాన్ కాదు, అంట్లు తోమే జాగ" అన్నాడు.

"మాట్లాడకు, మందు నోట్లకు పోతది" అన్నది అత్తమ్మ.

గాలి లేదు. ఆయన పంపు మూతిని నేలకు దగ్గరగా పట్టుకుని, సామాను చుట్టూ తిరుగుతూ మెల్లగా కొట్టాడు. అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, తుంపర ఎటు పోతోందో చూస్తూ, "ఆ గంప పొంటి జర దూరం, దూరం" అంటూనే ఉంది. మందు ఆరితే సామాను తీయాలని అనుకున్నాం. కాని ఆ రోజు శ్రావణం అన్నమాటే లేదు, ఎండ పెళ్ళుమని కాసింది. మా ఆయనేమో పచ్చి ఇంకా ఆరలేదు, కాలు పెట్టొద్దు అని సాయంత్రం దాకా ఆపాడు. తనే చెప్పులు వేసుకుని, ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్న చేతులతో ఒక్కొక్కటే ఎత్తాడు.

ఎండకు కాగిన స్టీలు బేసిన్ల కిందివి, టబ్బు కిందివి ఉడికిన తోటకూరలా వాలిపోయి ఉన్నాయి. బకెట్ల కిందివీ అంతే, అవి మళ్ళీ లేవలేదు. గంప కిందివి నిక్షేపంగా నిలబడి ఉంటే అత్తమ్మ చప్పట్లు కొట్టింది. కుండల కిందివి చల్లగా, చెమర్చి, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. సామానంతా సబ్బుతో తోమి ఎండలో పెట్టాను. ఇడ్లీ గిన్నె మాత్రం మళ్ళీ పొయ్యెక్కించలేదు. అది ఇప్పుడు మొక్కలకు నీళ్ళు పోసే గిన్నె.

కొద్ది రోజులకు పల్లేరు మెలికలు తిరిగి, పసుపెక్కి, ఎండింది. గడ్డిచామంతీ పోయింది. గరిక పచ్చగానే ఉంది. ఆ మెలికలు గంప కింద ఉన్న గునుగులో కూడా కనబడ్డాయి. వెదురు సందుల్లోంచి మందు దిగినట్టుంది. కాడలు జడ అల్లినట్టు తిరిగిపోయాయి. అత్తమ్మ వాటి దగ్గర కూర్చుని చూసి, లేచి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆమె తిడితే మా ఇంట్లో ఎవరికీ భయం లేదు. ఆమె ఏమీ అనకపోతేనే భయం.

మిగిలింది కుండల కింది గునుగు. పిడికెడు మొక్కలు. వాటి చుట్టూ పల్లేరును ఆమె అన్న మాట ప్రకారం చేత్తో పీకింది, లాన్ అంతటా రాలిన కాయలను పాత రబ్బరు చెప్పుతో ఒత్తి, చెప్పుకు గుచ్చుకున్నవాటిని ఏరి పొయ్యిలో వేసింది. ఆ మొక్కలు పండుగ నాటికి పూస్తాయా లేదా అన్నదే ఇంట్లో పొద్దస్తమానం ముచ్చట. ఎయిర్‌పోర్టు పార్కింగు నుంచి కూడా మా ఆయన ఫోన్ చేసేవాడు. తిన్నావా అని అడగడు. "పూత గిట్ల ఏమన్న పడ్డదా?" అని అడిగేవాడు. లాన్‌లో ఆ ఒక్క ముక్కకు మిషన్ పెట్టకుండా, ఆ మొక్కల చుట్టూ గడ్డిని మోకాళ్ళ మీద కూర్చుని కత్తెరతో కత్తిరించాడు. అది చూసి పక్కింటావిడ, "అన్నయ్యగారు మొక్కలకు క్షవరం చేస్తున్నారేమిటండీ!" అని గోడ పట్టుకుని నవ్వింది.

వినాయకుడు వెళ్ళాక మొదటి కంకి తెల్లగా వచ్చింది, కొసన గులాబీ రంగుతో. తర్వాత మిగతావి.

సద్దుల బతుకమ్మ నాడు మా ఆయన ఆరాంఘర్ దగ్గర తంగేడు, బంతి, గునుగు కట్టలు కొని డిక్కీ నిండా తెచ్చాడు. ఆ గునుగును అమ్మకు చూపించాలా వద్దా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు. అత్తమ్మ చెయ్యి చాచింది.

"తే. ఈ పువ్వు గూడ ఎవలదో ఒకల చేన్ల పుట్టిందే గదా. కింద వరసలకు పెడ్త. నెత్తి మీద మాత్రం మన భూమిది."

కొన్నవాటికి నీలం, ఎరుపు రంగులు అద్దింది. మా కంకులకు ఏ రంగూ వేయలేదు. అన్నిటికన్నా పైన, గుమ్మడి పువ్వు చుట్టూ, వాటిని గుచ్చింది. వరస సరిగ్గా ఒక చుట్టు వచ్చింది. ఒక్క కంకి తక్కువైనా సందు కనబడేది. పసుపు గౌరమ్మను పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని, "అయ్యింది" అన్నది.

చెరువుకు పోయే ముందు వాకిట్లో ఆడాలి కదా. నిరుడు ఇల్లు కడుతుండగానే ఇక్కడ ఆడినప్పుడు ఆడవాళ్ళమందరం ఒంటికాలి మీద గెంతి గెంతి ముళ్ళు తీసుకున్నాం, పాట సగంలో "అబ్బా, అమ్మా" లే ఎక్కువ. ఈసారి బతుకమ్మను లాన్ మధ్యలో పెట్టాం. పక్కింటావిడ కూడా చిన్న బతుకమ్మను పేర్చుకుని, చీర చెంగు దోపుకుని వచ్చింది. అత్తమ్మ చెప్పులు గట్టు మీద విడిచింది. కాలు గడ్డి మీద పెట్టి, అటూ ఇటూ అదిమి చూసింది. ఇంకో కాలు పెట్టింది.

"మెత్తగ ఉన్నదిరా" అన్నది కొడుకుతో. ఆ గడ్డి గురించి ఆమె నోట వచ్చిన మొదటి మంచి మాట అది.

చప్పట్లు మొదలయ్యాయి. మా బిడ్డ చంకలోని పిల్ల దిగుతానని గింజుకుంది. దించాలా వద్దా అని బిడ్డ తండ్రి వైపు చూసింది. మా ఆయన పొద్దున్నే అరచేతులతో ఆ గడ్డినంతా తడిమి చూసుకున్నాడని నాకు తెలుసు. "దించు" అన్నాడు. పిల్ల ముందు కాళ్ళు ముడుచుకుంది. తరువాత ఒక బొటనవేలు ఆనించింది. తరువాత పాదం. ముత్తవ్వ కుచ్చిళ్ళు పట్టుకుని చుట్టూ నడవడం మొదలుపెట్టింది. పాట మధ్యలో విమానం వచ్చింది. మేమెవ్వరం ఆగలేదు.

చెరువు నుంచి వచ్చాక అత్తమ్మ కొంగుముడి విప్పింది. మొక్కల మీదే ఎండనిచ్చిన రెండు కంకుల నుంచి దులిపిన నల్లటి గింజలు అందులో ఉన్నాయి. వాటిని లాన్‌లో చల్లుతుందేమోనని మా ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఆమె గోడ పొడవునా, గడ్డి లేని మట్టిలో చల్లింది.

"ఆడ్నే మొలుస్తయంటవా?" అని అడిగాడు.

"గాలికి ఎరుక. కొన్ని నీ గడ్డిలకు గూడ వస్తయి."

నేను బోనాల కుండలను మళ్ళీ సజ్జ మీదికి ఎక్కించబోతున్నాను. మా ఆయన నా చేతిలోంచి ఒకటి అందుకుని మెట్ల కింద పెట్టాడు.

"ఈడ్నే ఉండనీ, మల్ల వానలకు కావాలె. గని ఇంకో నాలుగు కుండలు కొనాలె. బేసిన్లతోని కాదు."