గదులమ్మ ఇంట చోటు

బస్సు వంతెన దాటుతుండగా వెనక సీటులోంచి ఎవరో "అక్కా!" అన్నారు. గదులమ్మ తిరిగి చూసేసరికి చెల్లెలు, మూటతో సహా వచ్చి పక్కన కూలబడింది. ఊళ్ళు ఏటి ఒడ్డున పెరుగుతాయంటారు గాని, గదులమ్మ ఊరు మాత్రం అద్దె మంచాల మీద పెరిగింది. కాలేజీ పెట్టిన ఏడు గదులమ్మ తన ముందుగదిని ఓ విద్యార్థికి అద్దెకిచ్చింది. ఇంజనీరింగు వచ్చాక నడవలో చెక్క అడ్డుగోడలు లేచాయి. మెడికల్ కాలేజీ వచ్చాక వంటిల్లూ గదైపోయింది. గదులమ్మ అన్న పేరు కుర్రాళ్ళు పెట్టిందే. కొత్త మనిషి కనబడితే ఆమె ముందు ముఖం చూడదు, ఏ మంచానికి సరిపోతారోనని పొడవు చూస్తుంది. చెల్లెలినీ అలాగే చూసింది.

"ఆయన పోయాక మా మరిది పొమ్మన్నాడక్కా. నీ దగ్గరికే వస్తున్నా."

"ఎన్నాళ్ళుంటావు? పదింటికి గేటు వేసేస్తా, వంట చేసుకోవడం కుదరదు," అనేసి గదులమ్మ నాలిక కరుచుకుంది.

"నేను చదువుకోడానికి రాలేదే! మనం పుట్టిన ఇల్లే కదా, ఓ మూల పడుంటాను."

"మూలలెక్కడివే? నేనే మెట్లకింద ముడుచుకుని పడుకుంటున్నా."

"ఒక్క పిల్లాణ్ణి ఖాళీ చేయిస్తే?"

"ఎదురింటివాడూ గదులిస్తున్నాడు, వాణ్ణి తన్నుకుపోతాడు."

"నన్నెవరూ తన్నుకుపోరులే అక్కా."

అంతలో కాలేజీ స్టాపు వచ్చింది. కింద ఇద్దరు కొత్త కుర్రాళ్ళు పెట్టెలమీద కూర్చుని దిక్కులు చూస్తున్నారు. ఎదురింటివాడు అప్పటికే వాళ్ళ వైపు అడుగులు వేస్తున్నాడు. గదులమ్మ కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, చెల్లెలి మూట దాటుకుని దిగింది. వస్తాననీ అనలేదు, రమ్మనీ అనలేదు.

"చోటుంది బాబూ, మా ఇంట్లో చోటుంది!" అని కేకేస్తూ గబగబా నడిచిపోయింది.