బెవర్లీ చెప్పని కారణం

బెవర్లీ ట్రాంటర్ ఆ రోజు ఒక్క మాట అని ఉంటే ఆమె నిరుద్యోగ భృతి ఆగేదే కాదు. ఆఫీసులో అడిగిన పిల్లకు సంగతి తెలియదు, చెప్పాల్సిన ఈవిడకేమో నోరు పెగల్లేదు.

మా ఊరి బొగ్గుగని మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దాని మీద గడ్డి మొలిచి, జనం కుక్కల్ని తిప్పుకుంటున్నారు. నా పేరు నోరీన్. చేపా చిప్సూ అమ్మే కొట్టు నడుపుతాను. బెవర్లీ మా పక్కింటి పిల్ల. పిల్లంటే నలభై దాటిన మనిషే లెండి, నా కళ్ల ముందు పెరిగింది కాబట్టి అలాగే అంటాను. పనిచేసే బట్టల గోడౌన్ ఎత్తేశాక భృతి మీద బతుకుతోంది. మొగుడితో విడిపోయాక ఇంట్లో ఉండేది తండ్రీ తనూ. తండ్రి క్లిఫర్డ్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ముతో కుర్చీకే అతుక్కుపోయాడు.

అక్టోబరులో ఉపాధి ఆఫీసువాళ్లు ఆమెకు డాన్‌కాస్టర్ రోడ్డులో ఉన్న రొట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగం చూపించారు. ఫ్యాక్టరీవాళ్లు సోమవారం వచ్చి చేరమన్నారు. బెవర్లీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఆఫీసులో పిల్ల అడిగితే "అక్కడ చేయను" అంది. కారణం అడిగితే "చేయనంతే" అంది. ఆ పిల్లది ఈ ప్రాంతం కాదు పాపం. మావాళ్లెవరైనా ఆ కుర్చీలో ఉంటే కారణం అడిగేవాళ్లే కాదు. ఆ ఫ్యాక్టరీలో సమ్మె జరుగుతోంది. సమ్మె జరిగే గేటు దాటి లోపలికి పోవడం మా దగ్గర మనిషన్నవాడు చేసే పని కాదు. ఆ పిల్ల "కారణం చెప్పలేదు" అని రాసుకుంది, మూడు నెలల భృతి కోసి పారేశారు.

శుక్రవారం చేపకి రావడం మానేసిందేమిటా అని నేను వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో హీటరు వేసుకోకుండా, కోటు తొడుక్కుని కూర్చుని ఉంది. సంగతంతా విని నాకు ఒళ్లు మండింది.

"సమ్మె అని చెప్పి చావొచ్చుగా! సమ్మె వల్ల ఖాళీ అయిన ఉద్యోగం వద్దంటే భృతి ఆపకూడదని చట్టమే ఉందే!"

ఆమె ముందుగది వైపు చూసి గొంతు తగ్గించింది. "మెల్లగా ఆంటీ, నాన్న వింటాడు."

"వింటే?"

"సమ్మె గేటు దాటడం తప్పని నేను పైకి అంటే, అది ఎవరికి తగులుతుంది?"

క్లిఫర్డ్‌కే తగులుతుంది. ఎనభై నాలుగులో గనుల సమ్మె ఏడాది పాటు సాగింది. ఆ చలికాలంలో క్లిఫర్డ్ ట్రాంటర్, కిటికీలకు ఇనుప వల బిగించిన బస్సులో, పోలీసుల కాపలా మధ్య పనిలోకి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. అప్పుడు బెవర్లీకి పదమూడేళ్లు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. పక్కింట్లో ఉండి నేనూ మాట్లాడలేదు. దానికి నేనేం బాధపడటం లేదు. మా ఆయన ఆ ఏడాది ఆకలితో సగమైపోయాడు. కానీ కూతురితో నాకేం తగువు?

"అయితే ఆయన పరువు కోసం పస్తులుంటావా? నీ మంచితనం తగలెయ్య!"

"నేను పస్తులుంటే బానే ఉండేది ఆంటీ." కళ్లు తుడుచుకుంది. "ఆకలి లేదని అబద్ధమాడి, తన పళ్లెంలో సగం నాకు తోస్తున్నాడు. ఉద్యోగం ఎందుకు వద్దన్నావని ఒక్కసారి కూడా అడగలేదు."

ఆ మర్నాడే అప్పీలు పెట్టించాను. కుదరదని జవాబొచ్చింది. ఇది క్రిస్మస్ ఆర్డర్ల కోసం పెట్టిన అదనపు ఉద్యోగమనీ, సమ్మెకీ దీనికీ సంబంధం లేదనీ ఫ్యాక్టరీవాళ్లు బుకాయించారు. ఇక ఇలాంటి తగువులు తేల్చే ట్రిబ్యునల్ ఎదుట అది అబద్ధమని చెప్పగలిగిన లోపలి మనిషి కావాలి. అక్కడి యూనియన్ కార్యదర్శి కార్ల్ పాడ్లీ.

ఆ పేరు వినగానే బెవర్లీ మొహం పాలిపోయింది. కార్ల్ తండ్రి రాన్, క్లిఫర్డ్ ఇద్దరూ గనిలో పక్కపక్కనే పనిచేసినవాళ్లు. ఆ సమ్మెలో రాన్ ఉద్యోగం పోయింది, మళ్లీ ఎక్కడా దొరకలేదు. చనిపోయేదాకా క్లిఫర్డ్ మొహం చూడలేదు. కార్ల్ కూడా అంతే, ట్రాంటర్లు ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు.

"నువ్వు అడుగుతావా, నన్ను అడగమంటావా?" అన్నాను. తనే వెళ్తానంది. వెంట నేనూ వెళ్లాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇనప డబ్బాలో మంట వేసుకుని పదిమంది నిలబడి ఉన్నారు. బెవర్లీని చూసి తలలన్నీ ఇటు తిరిగాయి. కార్ల్ మంట వైపే చూస్తూ ఉండిపోయాడు.

"పనిలోకి వెళ్లడానికి వచ్చావా? అలవాటున్న ఇల్లేగా!" అన్నాడు వెనకాల ఎవడో.

"నోర్ముయ్ రా!" అని అరిచాను.

బెవర్లీ వాడి వైపు తిరగలేదు. "కార్ల్, నాకు ఇక్కడ ఉద్యోగమిచ్చారు. నేను రాలేదు. దానికి నా భృతి ఆపేశారు. ఈ ఉద్యోగం మీ సమ్మె వల్లే ఖాళీ అయిందని ట్రిబ్యునల్లో చెప్పాలి. నువ్వు తప్ప చెప్పేవాళ్లు లేరు."

"మీ నాన్న పంపాడా?"

"నాన్నకు ఇదేం తెలియదు."

కార్ల్ మంటలోకి ఇంకో కట్టె తోశాడు. చివరికి "ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు. తారీఖు చెప్పింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. బస్సులో ఇంటికొచ్చేదాకా బెవర్లీ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ట్రిబ్యునల్ రోజు కార్ల్ వచ్చాడు. బిగుతైన టై కట్టుకుని, మాకు దూరంగా గోడకానుకుని నిలబడ్డాడు.

జడ్జి నెమ్మదస్తురాలు. "కారణం అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది.

బెవర్లీ బల్ల అంచు పట్టుకుంది. "మా నాన్న సమ్మెలో పనిలోకి వెళ్లాడు మేడమ్. ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. నా పెళ్లికి కూడా రాలేదు. నేను ఆ పని చేయలేను. కానీ మా నాన్నంటే నాకు ప్రాణం. ఆయన్ని తప్పుపట్టకుండా ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు." అనేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

తర్వాత కార్ల్ ముందుకొచ్చాడు. ఆమెను పెట్టుకోవాలనుకున్న బల్ల దగ్గర పనిచేసే మనిషి బయట తమతో మంట దగ్గర నిలబడి ఉన్నాడని పేరుతో సహా చెప్పాడు. ఆఖర్న బెవర్లీ గురించి ఒక్క మాట అని ఊరుకున్నాడు. జడ్జి అరగంటలో తేల్చేసింది. ఆపిన భృతి మొత్తం తిరిగి ఇవ్వాలంది. మేం కృతజ్ఞతలు చెప్పేలోపే కార్ల్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేసరికి క్లిఫర్డ్ మెలకువగానే ఉన్నాడు. అన్నేళ్లలో ఆ ముందుగదిలోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. బెవర్లీ ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఉద్యోగం ఎందుకు వద్దందో, అక్కడ ఏం చెప్పిందో, ఏదీ దాచకుండా చెప్పేసింది. ఆయన దెబ్బతిన్నవాడిలా కళ్లు మూసుకున్నాడు. గది నిండా ఆయన ఊపిరి చప్పుడే.

"సాక్ష్యం ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"కార్ల్ పాడ్లీ."

"రాన్ కొడుకా!" కళ్లు తెరిచాడు. "ఏమన్నాడు? వాడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు."

"ట్రాంటర్ మా గేటు దాటలేదు అన్నాడు నాన్నా."

ఆయన నాకేసి చూశాడు. నిజమేనని తల ఊపాను.

"మళ్లీ చెప్పు" అన్నాడు కూతురితో.