అల్లుడి ఉపజాతి విచారణ

నిప్పు కనుక్కోవడం, చక్రం దొర్లించడం తర్వాత మానవజాతి చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం ఒకటే: ఓ పరిశోధనశాలలో సాలమాండర్ల గది చూసుకునే ఆవిడ కొత్త డైరెక్టరును మొదటిరోజే "బాబాయ్" అనడం. ఎదురుపడిన ప్రాణికల్లా వరస కలిపితే గాని ఆవిడకు టీ గొంతు దిగదు. కరెంటు పనివాడు తమ్ముడు, గేటు దగ్గరి ముసలాయన పెదనాన్న. చూపుకి బల్లి, చుట్టరికానికి కప్ప అయిన సాలమాండర్లను మాత్రం ఎందుకు వదులుతుంది? నల్లటి వీపున పసుపు మచ్చలున్న ఆడది అమ్మాయి. పక్క తొట్టెలో పసుపు చారలున్న మగది అల్లుడు.

ఆ చారలే కొంప ముంచాయి. మచ్చలది ఒక ఉపజాతి, చారలది ఇంకొకటి అయ్యుంటుందని డైరెక్టరుకు అనుమానం వచ్చింది. ఆ గదిలో ఒక్క ఉపజాతినే పెంచాలన్నది నియమం. వేరని తేలితే అల్లుడు వేరే ఊరి కేంద్రానికి పోవాలి. వేలెడంత లేనప్పటి నుంచి ఆవిడ చేతి పురుగులు తిని పెరిగినవాడు.

"నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదే నువ్వు," అన్నాడు ఇంట్లో మొగుడు.

"నిన్నెవరూ వేరే ఊరు పంపిస్తామనలేదుగా!"

"పంపితే ఏడ్చేదానివా?"

"ముందు పంపనీ, చూద్దాం."

జన్యువులు పరీక్షించే డాక్టరమ్మ అల్లుడి నోట్లో దూదిపుల్ల తిప్పి పట్టుకెళ్లింది. ఫలితం వచ్చేదాకా ఈవిడ ఇంట్లో ఉప్పు లేని కూరలే వండింది. మొగుడు ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుని తిన్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ సాలమాండర్ల గది తలుపు తోసుకుని వచ్చింది.

"అక్కా, ముందు కూర్చో."

"కూర్చోబెట్టి చెప్పే మాటలు నాకొద్దు. ఉంటాడా, పోతాడా?"

"ఉంటాడు. రంగు చూసి మోసపోయాం. ఈ ఉపజాతిలో చారలవీ మచ్చలవీ ఒకే కాన్పులో కూడా పుడతాయి. వీళ్లిద్దరిదీ అదే."

ఆవిడకు కొత్త భయం పట్టుకుంది. "కొంపదీసి అన్నాచెల్లెళ్లా?"

"కాదక్కా! దగ్గరి చుట్టాలు కూడా కాదు. నీ వరస ఖాయం."

అప్పుడు కూర్చుంది ఆవిడ. కళ్లొత్తుకుని, ముక్కు చీదుకుని, "ఆ ముక్కేదో గుమ్మంలోనే చెప్పి ఏడవొచ్చుగా!" అని కసిరింది.

ఇద్దరినీ ఒకే తొట్టెలో ఉంచవచ్చని డైరెక్టరు స్వయంగా వచ్చి సెలవిచ్చాడు. ఆవిడ తడి గ్లవుజుల చేతుల్లో అల్లుణ్ణి ఎత్తి, అమ్మాయి ముందు మెల్లగా దించింది. ఒక మహావంశానికి అంకురార్పణ జరిగే ఘడియ అది. అందరూ తొట్టె అద్దం మీదికి వంగారు.

అల్లుడు అమ్మాయి తల మీదుగా ఎక్కి దిగి, అవతలి మూల నాచులో దూరి పడుకున్నాడు.