కుదరదమ్మ అనని మాట

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. చర్చి రిజిస్టరులో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. వీధి ఆమెకు కుదరదమ్మ అని నామకరణం చేసి, ఆ పేరుతోనే గౌరవించి, ఆ పేరుతోనే భయపడుతూ వచ్చింది.

చిరిగిన స్కూలు చొక్కా పట్టుకుని ఆమె కొట్టుకు వెళ్లారనుకోండి. మిషను మీంచి తల ఎత్తకుండానే "కుదరదు" అనేది. "పొద్దున్నే పిల్లాడు వేసుకోవాలమ్మా" అని బతిమాలితే, "వేసుకోకుండా పొమ్మను, నాకేం?" అనేది. కొత్తవాళ్లు చొక్కా చంకలో పెట్టుకుని వెనక్కి పోయేవారు. పాతవాళ్లు దాన్ని బల్లమీద పడేసి, చెవులు లేనివాళ్లలా ఇంటికి నడిచేవారు. తెల్లారేసరికి చొక్కా కుట్టి ఉండేది, ఊడబోతున్న గుండీ కూడా బిగించి ఉండేది. నిజంగా భయపడాల్సింది ఆమె "చూద్దాంలే" అన్నప్పుడు. ఆ మాట చెవిన పడితే మరో దర్జీని వెతుక్కోవడమే.

ఈ స్వభావానికి మూలం ఎక్కడుందని పరిశోధిస్తే, ఆమె కీర్తిశేషుడైన భర్త దగ్గర తేలుతుంది. ఆ మహానుభావుడు ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. అడిగినవాళ్లందరికీ "తప్పకుండా" అన్నాడు. ఒక్కటీ చేయకుండానే అందరిచేతా మంచివాడనిపించుకుని, వర్షానికి కారే ఇంటికప్పును రేపు బాగుచేయిస్తానని మాటిచ్చి, ఆ కప్పు కిందే కన్నుమూశాడు. "తప్పకుండా" మాత్రం వృథా పోలేదు. అది వారసత్వంగా ఆయన తమ్ముడికి సంక్రమించింది. ఆ తమ్ముడు, అంటే కుదరదమ్మ మరిది, మా చర్చి కార్యదర్శి.

కుదరదమ్మకు పిల్లల్లేరు. చెల్లెలు పసిపిల్లను వదిలి చనిపోయినప్పుడు ఆసుపత్రి వరండాలో బంధువులందరి ముందూ, "ఈ పిల్లను పెంచడం నావల్ల కాదు, ఎవరైనా తీసుకుపొండి" అని బహిరంగంగా ప్రకటించి, ఆ సాయంత్రమే పిల్లను భుజాన వేసుకుని ఇంటికి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడుతుంది. రొట్టెల వ్యాను నడిపే కుర్రాడితో పెళ్లి నిశ్చయమైంది. పెళ్లి ఒక గురువారానికి పెట్టుకున్నారు, మా చర్చిలోనే. పెళ్లి గౌను కుట్టనని కుదరదమ్మ మొదటే తెగేసి చెప్పింది కాబట్టి, అది కొట్లో కర్రబొమ్మ మీద దాదాపు పూర్తయి ఉంది.

ఇంత సజావుగా సాగుతున్న కథలోకి శిష్యత్వం ప్రవేశించింది.

మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు చిన్నవాడు, మంచివాడు, అందరూ మారతారని నమ్మేవాడు. వీధి చివరి ఆసుపత్రిలో, నా అన్నవాళ్లు లేని పక్షవాతం రోగుల వార్డు ఒకటి ఉంది. శనివారాలు అక్కడికి వెళ్లి వాళ్లకు ఒళ్లు తుడవడానికి, తినిపించడానికి, పక్కలు మార్చడానికి ఎవరొస్తారు, క్రీస్తు శిష్యత్వమంటే అదే కదా అని ఆయన ఆరాధనలో అడిగారు. చర్చి మొత్తం చెయ్యెత్తింది. కార్యదర్శి రెండు చేతులూ ఎత్తాడు. వెనక బెంచీలోంచి ఒక్క గొంతు మాత్రం, "నాకు నడుం నొప్పి. కుదరదు" అంది.

శనివారం వార్డుకు వెళ్లినవాళ్లు పాస్టరుగారు, ఆ నడుం నొప్పి. మిగిలిన చేతులు ఎత్తిన చోటే ఉండిపోయాయి.

బిగుసుకుపోయిన చేతులకు చొక్కా తొడగలేక నర్సమ్మ పడుతున్న అవస్థ కుదరదమ్మ కాసేపు చూసింది. తర్వాత సంచిలోంచి కత్తెర తీసి చొక్కాల వీపులు మెడ నుంచి కిందిదాకా కత్తిరించేసింది. నర్సమ్మ కెవ్వుమంది. మరుసటి శనివారానికి ఆ అంచులు మడిచి కుట్టి, కట్టుకోవడానికి నాడాలు పెట్టి తెచ్చింది. ఇప్పుడు మనిషిని లేవదీయకుండానే ముందునుంచి చొక్కా తొడగవచ్చు. పాస్టరుగారు మెచ్చుకోబోతే, "నేను రానని చెప్పాను కదా, నన్నెందుకు చూస్తారు?" అని కసిరింది.

చెయ్యెత్తినవాళ్లు ఎంతకీ రాకపోవడం పాస్టరుగారిని బాధించింది. కార్యదర్శి దీనికొక నివారణోపాయం కనిపెట్టాడు. మనుషులు రాకపోవడానికి కారణం, వస్తామని తగినంత గట్టిగా అనకపోవడమేనట. కాబట్టి వచ్చే ఆదివారం ప్రతి కుటుంబం లేచి మైకులో మాటివ్వాలి. మాటివ్వని కుటుంబానికి చర్చిలో పెళ్లిళ్లూ పేరంటాలూ జరగవు. ఆ రోజు వాక్యంగా, ఇద్దరు కొడుకులను తండ్రి ద్రాక్షతోటలో పనికి వెళ్లమన్న ఉపమానాన్ని పాస్టరుగారు ఎంచుకున్నారు. అందులోంచి మర్యాదగా వినిపించిన మాటొకటి ఏరి, కార్యదర్శి గోడ పొడుగునా గుడ్డమీద రాయించాడు: "వెళ్తానయ్యా!"

ఆ వారంలోనే ఇద్దరూ కలిసి కుదరదమ్మ కొట్టుకు వచ్చారు.

"అమ్మా, మీరు ఎలాగూ వెళ్తూనే ఉన్నారు," అన్నారు పాస్టరుగారు. "ఆ ఒక్క మాట అనేస్తే ఏం పోతుంది?"

"ఎలాగూ వెళ్తూనే ఉన్నాను కదయ్యా. అనకపోతే ఏం పోతుంది?"

"నా పెళ్లి పోతుంది పెద్దమ్మా," అంది లోపలి గుమ్మంలోంచి పిల్ల.

సూదిలో దారం ఎక్కిస్తున్న కుదరదమ్మ చెయ్యి ఆగింది. పాస్టరుగారి వైపు తిరిగింది. "పెళ్లి ఆపేది మీరా?"

"నేను కాదమ్మా. రూలు."

"ఆ రూలుకు చేతులుంటే శనివారం పంపించండి. పక్కలు మార్చడానికి మనుషులు చాలట్లేదు."

"పంతమెందుకు వదినా?" అన్నాడు కార్యదర్శి. "నోరు తెరిస్తే అయిపోయే పనికి."

"నోరు తెరిస్తే అయిపోతుందనే నాయనా నా భయం. మీ అన్న దగ్గర చూశానుగా. వస్తానని చెప్పగానే మనిషికి కడుపు నిండిపోతుంది. సగం దూరం వెళ్లొచ్చినంత హాయిగా ఉంటుంది. ఆ హాయికి కునుకు పడుతుంది. అదే రానని చెప్పి చూడు. లోపల ముల్లు దిగబడినట్టే. వెళ్లి ఆ పని చేసేదాకా అది ఊరుకోదు. నా కాళ్లు అలాంటివి. మాటిచ్చానో, అవి కూర్చుండిపోతాయి."

"అందరూ మీలా ఉండరమ్మా," అన్నారు పాస్టరుగారు. "కొందరికి ఇచ్చిన మాటే ఊతం. దాన్ని పట్టుకునే నడుస్తారు."

"నడిచేవాళ్లను అననివ్వండి. నేనెప్పుడన్నా వద్దన్నానా? నాచేత అనిపించకండి, అంతే."

వాళ్లు వెళ్లాక పిల్ల ఏడ్చింది. "నా కోసం పెద్దమ్మా. గట్టిగా అనక్కర్లేదు. పెదాలు కదిపినా చాలు."

"పెదాలు కదిపితే నిన్ను మోసం చేసినట్టు కాదు, పైవాడిని చేసినట్టు."

"నీకు నా పెళ్లి కంటే నీ పంతమే ఎక్కువ!"

కుదరదమ్మ గౌను చేతి అంచు విప్పి మళ్లీ కుట్టింది. మరునాడు దాన్నే విప్పి మళ్లీ కుట్టింది. బాగున్న కుట్టును ఆమె విప్పడం మా వీధి అదే మొదటిసారి చూడడం.

ఆదివారం వచ్చింది. బయటి వీధికి కూడా మా శిష్యత్వం వినపడాలని కార్యదర్శి గేటుకు లౌడ్‌స్పీకరు కట్టించాడు. మైకు పట్టుకుని ఒక్కో బెంచీ దగ్గర ఆగుతున్నాడు. బస్సు కండక్టరు కుటుంబం "వెళ్తానయ్యా!" అంది. లెక్కల మాస్టారు, చెవుడు వల్ల ఏమడిగారో తెలియకపోయినా, అందరికంటే గట్టిగా అన్నారు. గోడలు దద్దరిల్లాయి. ఆ నిమిషంలో ఎవరైనా మమ్మల్ని చూస్తే, ద్రాక్షతోటకు ఇంతమంది కూలీలెందుకని జాలిపడేవారు.

మైకు వెనక బెంచీకి వచ్చింది. కుదరదమ్మ లేచింది.

"వెళ్లను," అంది.

లౌడ్‌స్పీకరు దాన్ని నిష్పక్షపాతంగా వీధికి అందజేసింది. బయట ఎవరో సైకిలు ఆపారు.

కార్యదర్శి చెమట తుడుచుకుని మైకు పిల్ల ముందు పెట్టాడు. "పెద్దావిడ సంగతి వదిలెయ్యమ్మా. నువ్వు అను. నువ్వంటే చాలు, నీ పెళ్లికి అడ్డు లేదు. బాబాయిని, నేను చెబుతున్నాగా."

పిల్ల లేచి నిలబడింది. వారమంతా ఏడ్చిన కళ్లు. ఎదురుగా గోడంత గుడ్డ, దానిమీద ఒక్క మాట. పక్కన, తనవైపు చూడకుండా, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్న పెద్దమ్మ. అను అనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"బాబాయ్, పోయిన శనివారం నువ్వెక్కడున్నావు?" అంది పిల్ల మైకులో.

"ఇప్పుడదెందుకమ్మా? ఏదో పని..."

"నన్ను ఎత్తుకుని ఇంటికి తెచ్చినప్పుడు మా పెద్దమ్మ పెంచనని చెప్పి తెచ్చింది. పెంచుతామన్నవాళ్లు ఆ వరండాలో చాలామంది ఉన్నారట. నేనూ వెళ్లను. పెళ్లి ఆపుకుంటే ఆపుకోండి."

మగవాళ్ల బెంచీలోంచి వ్యాను కుర్రాడు లేచాడు. "నేనూ వెళ్లనండి," అన్నాడు, మైకు అందకపోవడంతో కొంచెం అరిచి. వాళ్లమ్మ వాడి చొక్కా పట్టి కిందికి లాగింది. వాడు కూర్చోలేదు.

గుడ్లప్పగించి చూస్తున్న సంఘాన్ని శాంతింపజేయడానికి పాస్టరుగారికి తోచిన ఏకైక మార్గం వాక్యం చదవడం. చదివారు. తండ్రి వెళ్లమంటే మొదటివాడు వెళ్లనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. ఇక్కడిదాకా గొంతు బాగానే ఉంది. రెండోవాడు వెళ్తానయ్యా అన్నాడు... ఇక్కడ గొంతు నెమ్మదించింది... వెళ్లలేదు.

ఆయన తల ఎత్తి గోడవైపు చూశారు. గోడమీద అక్షరాలు చాలా పెద్దవి.

"ఈ ఇద్దరిలో తండ్రి మాట విన్నది ఎవరు?" ముందే రాసుకున్న ప్రశ్న కాబట్టి అలవాటుగా అడిగేశారు.

"వెళ్తానయ్యా!" అన్నారు లెక్కల మాస్టారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వదగిన విషయమే అయినా, అది అందరి గురించీ.

"అది రెండోవాడి మాటండి," అన్నారు పాస్టరుగారు. "పనికి వెళ్లనివాడి మాట. దాన్ని ఏరుకుని నేనే గోడకు కట్టనిచ్చాను. మీచేత అనిపించాను." తర్వాత వెనక బెంచీ వైపు చూశారు. "అమ్మా, మీరే మాకు..."

"నన్ను పొగడకండి," అని అడ్డుపడింది కుదరదమ్మ. "ఆ మొదటివాడూ గొప్పవాడేం కాదు. కన్నతండ్రి మొహం మీద వెళ్లనంటాడా? ఏదో, తర్వాత సిగ్గుపడి వెళ్లాడు కాబట్టి బతికిపోయాడు. నేనూ అంతే. ఇంతకీ పెళ్లి ఉందా, లేదా?"

"ఉందమ్మా."

"మరి రూలు?" అన్నాడు కార్యదర్శి.

"రూలు పెట్టడానికి ఒప్పుకున్నది నేను. తీసేస్తున్నదీ నేనే. మైకు ఆపండి."

తర్వాతి శనివారాల్లో వార్డుకు ఎవరెవరు వచ్చారన్నది ఇక్కడ రాయడం బాగుండదు. వచ్చినవాళ్లెవరూ వస్తామని ముందుగా చెప్పలేదని మాత్రం చెప్పవచ్చు.

ఆ ఆదివారం తర్వాత వచ్చిన గురువారమే పెళ్లి. చర్చి కిటకిటలాడింది. సగం మంది వధువు మీది ప్రేమతో వచ్చారు, మిగతా సగం ఏం జరుగుతుందోనన్న భక్తితో. ఎందుకంటే క్రైస్తవ వివాహంలో ఒక ఇబ్బంది ఉంది. అక్కడ ప్రశ్న అడుగుతారు. జవాబు చెప్పాలి.

వరుణ్ని అడిగితే వాడు ప్రశ్న పూర్తి కాకముందే ఒప్పేసుకున్నాడు. పాస్టరుగారు వధువు వైపు తిరిగి, గొంతు సవరించుకుని, గోడ మీదినుంచి దూకబోయేవాడిలా కళ్లు ఒకసారి మూసి తెరిచి అడిగారు: "ఈయనను నీ భర్తగా అంగీకరిస్తావా?"

పిల్ల వెనక్కి తిరిగి ముందు బెంచీలోని పెద్దమ్మను చూసింది. "అనమంటావా పెద్దమ్మా?"

"నన్ను చూస్తావేంటే? మొన్న నిన్ను అడిగింది గోడమీది గుడ్డ. ఇవాళ అడుగుతున్నది నీ ఎదురుగా నిలబడ్డ మనిషి కోసం. వాడి మొహం చూసి చెప్పు. చెప్పాక రోజూ ఆ మొహమే చూడాలి, ఎక్కడికీ తప్పించుకుపోలేవు. అలాంటి మాటైతే ఇవ్వచ్చు."

కార్యదర్శి మైకు పట్టుకుని పరుగెత్తాడు. పిల్ల చేత్తో దాన్ని పక్కకు నెట్టి, వ్యాను కుర్రాడి మొహంలోకి చూస్తూ, వాడికి మాత్రమే వినపడేలా చెప్పింది.

"ఏమందీ? ఏమందీ?" అని వెనక బెంచీలు లేచి నిలబడ్డాయి.

కుదరదమ్మ వాళ్లవైపు తిరిగింది. "వినపడాల్సినవాడికి వినపడింది. మీరు కూర్చోండి," అంది.