నా సంతకం చెల్లదన్న ఆంటీ

మా తెలుగు క్లాసు ఆంటీ పోయిన మంగళవారం నేవన్ ఊళ్ళో కన్నుమూశారు. ఫోన్‌లో ఆ కబురు చెబుతూ అమ్మ ఏడ్చింది, ఆవిడ మాటలేవో గుర్తొచ్చి అంతలోనే నవ్వింది.

ఐర్లాండులో ఎటు చూసినా ఉద్యోగాలున్న రోజులవి. ఆంటీ వారమంతా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఆదివారం మధ్యాహ్నం ఒక అద్దె హాల్లో మాకు అక్షరాలు దిద్దించేవారు. ఎవరైనా తలకట్టు మరిచిపోతే, “పాపం, దాన్ని వానలోకి టోపీ లేకుండా పంపేశావే!” అనేవారు.

పదేళ్ళ నన్ను క్లాసుకి ప్రెసిడెంటుని చేశారు. పక్క గదిలో డాన్సు నేర్చుకునే మలయాళీ పిల్లల దగ్గర కొత్త ఫుట్‌బాల్ ఉండేది. అది మాకిస్తే, మేం ఆడుకునే అరగంటా హాలు వాళ్ళకి వదిలేస్తామని కాగితం రాసి సంతకం పెట్టేశాను. బంతి తెచ్చి గర్వంగా చూపించాను.

“మరి వానొస్తే ఎక్కడాడాలి?” అన్నాడొకడు. గోల మొదలైంది.

“బట్ ఐయామ్ ద ప్రెసిడెంట్!” అన్నాను.

“అయితే మాత్రం? వీళ్ళనడిగావా తల్లీ?” అన్నారు ఆంటీ. “ఈ దేశ ప్రెసిడెంటే తనంతట తను ఒప్పందాలు చెయ్యలేదు. ప్రభుత్వం సంతకం పెట్టినా, రాజ్యాంగం మార్చాల్సొస్తే జనాన్ని అడిగి తీరాలి. వచ్చే నెల యూరప్ ఒప్పందం గురించి నన్నూ అడుగుతున్నారు, తెలుసా?”

ఆవిడకి అప్పుడే ఇక్కడి పౌరసత్వం వచ్చింది. అదే మొదటి ఓటు.

మా చేత చీటీలు వేయించారు. పదకొండు మందిలో నా వైపు ఇద్దరే. అందులో ఒకరు నేనే. ఏడుపు ఆపుకుంటూ బంతి తీసుకుని బయల్దేరితే, ఆంటీ పక్క గది గుమ్మం దాకా తోడొచ్చారు.

“ఇక నువ్వే చెప్పాలి,” అని భుజం తట్టారు.

చెప్పాను. వాళ్ళ తరఫున సంతకం పెట్టిన అమ్మాయి పకపకా నవ్వి, “యూ ఆర్ గ్రాండ్!” అంది, ఏం పర్లేదని ఇక్కడివాళ్ళు అనే మాట. తనూ ఎవర్నీ అడగలేదట. ఆ వేసవంతా రెండు క్లాసులూ కలిసే ఆడాం. ఇప్పటికీ పదిమంది తరఫున మాటిచ్చే ముందు ఓసారి ఆగుతాను. అది ఆవిడ పెట్టిన అలవాటే.

జూన్‌లో దేశం ఆ ఒప్పందం వద్దంది. ఆంటీ కావాలని ఓటేశారు. ఆదివారం డీలాపడి వస్తారనుకున్నాం. రెయిన్‌కోటు కింద పట్టుచీరతో, లడ్డూల డబ్బాతో వచ్చారు.

“ఓడిపోయారుగా ఆంటీ, లడ్డూలెందుకు?”

“నన్ను అడిగారు గదమ్మా!”

ముక్కు చివర వాన చుక్క వేలాడుతున్నా తుడుచుకునే తీరిక లేక, ఒక్కొక్కరి అరచేతిలో లడ్డూ పెడుతూ హాలంతా తిరిగారు.