గుడివాడ నీళ్లు

2003 జూన్ 9, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకి బందరు కాలేజీ ప్రయోగశాలలో బంగారు ఉత్ప్రేరకాన్ని రెండోసారి తయారుచేయడం మొదలుపెట్టాను. మార్చిలో చేసినది బాగా పనిచేసింది. అదే ఫలితం మళ్లీ వస్తే తప్ప పరిశోధన వ్యాసం పంపకూడదని నా నియమం. బంగారు క్లోరైడు వంద మిల్లీగ్రాములే మిగిలింది. ఆ నెల 30న నా ఉద్యోగం అయిపోతుంది.

సెలవులింకా పూర్తికాలేదు. ఆ అంతస్తులో ఇద్దరమే: నేనూ, గుడివాడ నుంచి రైల్లో వచ్చే అటెండరు ఆవిడా. బందరు నీళ్లు ఉప్పన. ఆవిడ ఇంటి నుంచి క్యాన్‌తో నీళ్లు తెచ్చుకుని మధ్యాహ్నం నాకో గ్లాసు ఇచ్చేది. రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడేది అప్పుడే.

తెల్లటి టైటానియా పొడిని డెబ్బై డిగ్రీల నీళ్లలో వేసి, బంగారు ద్రావణం పోసి, సోడా చుక్కలు వేస్తూ గంటసేపు కలిపాను. వడకట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. ఉప్పులో ఉండే క్లోరైడు ఏమాత్రం మిగిలినా కొలిమి వేడికి బంగారు రేణువులు అతుక్కుని పెద్దవైపోతాయి, ఇక పనిచేయవు. అయిదోసారి కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడలేదు, అంటే క్లోరైడు పోయినట్టే. అప్పుడే పింఛను కాగితాల కోసం ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"ఇంకో రెండుసార్లు కడుగమ్మా. సీసాలో నీళ్లు అయిపోనివ్వకు."

"అలాగేనండి. మీరెళ్లి సంతకాలు పెట్టి రండి. లేకపోతే వచ్చే నెల కూడా ఇక్కడే కూర్చోబెడతారు మిమ్మల్ని."

తిరిగొచ్చాక చివరి నీళ్లు నేను పరీక్షించలేదు. మంగళవారం కొలిమిలోంచి తీస్తే, మార్చిలో లేత ఊదాగా వచ్చిన పొడి ముదురు నీలంగా ఉంది. బుధవారం దాన్ని బెంజైల్ ఆల్కహాల్‌లో వేసి, గాలి పంపుతూ ఆరు గంటలు కలిపాను. మార్చిలో గదంతా బాదం వాసన, ఉత్ప్రేరకం పనిచేస్తోందనడానికి గుర్తు. ఈసారి ఏమీ లేదు.

ఏ నీళ్లతో కడిగావని ఆవిడను అడిగాను.

"కరెంటు పోయి ఆ మిషన్లోంచి మీ డిస్టిల్డ్ నీళ్లు దిగలేదండి. అయిపోనివ్వద్దన్నారుగా, మావే పోశాను. గుడివాడవండి, ఒక్క చుక్క ఉప్పుండదు."

ఆవిడ నీళ్లు గాజు గొట్టంలో పోసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాను. పాలలా విరిగింది.

"ఇన్నాళ్లూ మీకివే తాగించానా అండీ?"

"తాగడానికి మంచివేనమ్మా."

ఏ నీళ్లు పోయాలో చెప్పకపోవడం నా తప్పు. ఆ మాట ఆవిడతో అనలేదు. మర్నాటి నుంచి క్యాన్ వరండాలో పెట్టుకుంది. లోపలికి తేలేదు.

పోయినవి: బంగారు క్లోరైడు, వంద మిల్లీగ్రాములు. టైటానియా, అయిదు గ్రాములు. వ్యాసం, ఒకటి. 12 నుంచి 30 దాకా ఆదివారాలు తీసేస్తే, మంచినీళ్లు పదహారు గ్లాసులు.